దీపం పెట్టాక చేతికివ్వని సూది

2025 ఆగస్టు 23, శనివారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు మా ఇంట్లో దీపం వెలిగించారు. అంతా అక్కడే మొదలైందని నాకు తెలియడానికి సోమవారం ఉదయం దాకా పట్టింది. ఆ సాయంత్రం నా డైరీలో ఉన్నది ఒక్క వాక్యమే: “ఏనుగు అయిపోవచ్చింది, ఎడమ చెవి మిగిలింది.”

ఏనుగంటే నేను క్రోషా అల్లికతో చేసిన బొమ్మ. జానెడు ఒళ్ళు, దానికి తగిన తొండం. మర్నాడు నా కూతురి బిడ్డకు మొదటి పుట్టినరోజు. దుకాణంలో కొన్నది కాక, నా చేత్తో చేసినది ఇవ్వాలని జూన్ నుంచి పట్టుకు కూర్చున్నాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తాను. ఉండేది మన్సూరాబాద్‌లో, కిరాయి ఇంట్లో. మా నాన్న పోచంపల్లిలో మగ్గం నేశాడు, నేను నేయలేదు. రెండేళ్ళ క్రితం బండి మీద నుంచి పడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక, వేళ్ళు బిగుసుకుపోకుండా వాటికి ఏదో ఒక పని చెబుతూ ఉండమని దవాఖానలో అన్నారు. నా భార్య తన పెళ్ళికి ముందటి క్రోషా కొక్కెం ఎక్కడినుంచో వెతికి తెచ్చి నా చేతిలో పెట్టింది.

“మీ నాయిన చీరలు నేసిండు. నువ్వు పిచ్చుక గూళ్ళన్న అల్లు,” అంది.

అల్లాను. మొదట పళ్ళేల కింద వేసే చాపలు, తర్వాత ఫోన్ సంచులు. క్రోషా నాకు నచ్చడానికి కారణం అది లెక్క కావడమే. ఆరు కుట్లతో మొదలుపెట్టి, చుట్టుకు ఆరేసి పెంచుకుంటూ పోతే గుండ్రటి పొట్ట వస్తుంది; ఎక్కడ ఒక కుట్టు తప్పినా నాలుగు చుట్ల తర్వాత అది బయటపడుతుంది. తప్పు దాగని పని అని నేను నమ్మాను.

నూలు మా అన్న పంపాడు. చీర నేశాక మగ్గం మీద మిగిలే పోగులు: నీలం, బూడిద, రంగు అంటకుండా చిటికి కట్టిన చోట తెల్లటి మచ్చలు. నాలుగేసి పోగులు కలిపి పేనుకొని అల్లాను. దాంతో ఏనుగు ఒంటి మీద అక్కడక్కడా వాన చుక్కలు పడినట్లు కనిపించేది. ఎన్ని ఉతుకులు ఉతికినా మన రంగు పోదని మా నాన్న చీర మడత పెట్టే ప్రతిసారీ అనేవాడు. ఆ మాటతో నాకు తర్వాత పని పడింది.

పాప అప్పటికి దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటోంది. అందుకే కళ్ళకు గుండీలు కుట్టలేదు, పూసలు పెట్టలేదు; నల్లదారంతో సన్నసూదితో కుట్టాను. దూది బయటికి రాకుండా, అవసరమైన దానికంటే సన్నటి కొక్కెంతో, బిగువుగా అల్లాను. ఒళ్ళు, తల, తొండం ఒకే అల్లికగా సాగాయి. కాళ్ళు, చెవులు, తోక మాత్రం విడిగా చేసి మొద్దుసూదితో కలిపాను. ఇన్ని జాగ్రత్తలూ ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. ప్రతి జాగ్రత్తా తర్వాత నా మీదికే తిరిగింది.

ఆ శనివారం మధ్యాహ్నం ఎదురింటి పిన్నిగారు సన్నసూది అడిగి తీసుకున్నారు. ఆమెది కోస్తా, కొడుకు ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చి పదేళ్ళు దాటింది. జాకెట్టుకు హుక్కులు ఊడిపోయాయట.

“సాయంత్రానికి ఇచ్చేస్తాను బాబూ. మీ పిల్లదాని ఏనుగుకి నా వల్ల ఆలస్యం కాదులే,” అన్నారు.

కళ్ళు అప్పటికే కుట్టేశాను కనుక సన్నసూదితో నాకు పని లేదు. అందువల్ల దాన్ని మరచిపోయాను.

ఆదివారం పుట్టినరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో మా కూతురు వాళ్ళ ఫ్లాటులోనే జరిగింది. పాప ఒళ్ళో ఏనుగును నేనే పెట్టాను. పాప కాసేపు దాని కళ్ళను చూసి, నా ముఖం చూసి, తొండం చివర నోట్లో పెట్టుకుంది. అందరూ నవ్వారు. పాప నాయనమ్మ, అంటే నా వియ్యపురాలు, నవ్వేవాళ్ళలో మొదటి మనిషి.

“అన్నా, నీ ఏనుగును మా పోరి తినేటట్లుంది! గీ వయసుల నువ్వు అల్లికలు నేర్చినవ్. మా ఇంటాయన టీవీ రిమోట్ తప్ప ఏం నేర్వలే,” అంది.

“నేర్పిస్తే నేర్చుకుంటడు అక్కా.”

“ఆయనకా? ఆయన చేతికి దారమిస్తే చిక్కుదీసెటందుకు మళ్ళ నిన్నే పిలవాలె.”

ఆ పూట తీసిన ఫోటోలలో పాప ఏనుగును చెంపకు ఆనించుకొని ఉంది. మర్నాడు ఆ ఫోటోలను వేళ్ళతో పెద్దవి చేసి చేసి చూశాను.

సోమవారం ఉదయం దుకాణానికి బయలుదేరే ముందు అల్లిక సామాను సర్దుతున్నాను. సూదులు పాత కళ్ళజోడు డబ్బాలో, మందపాటి గుడ్డముక్కకు గుచ్చి పెట్టుకుంటాను. మొద్దుసూది ఉంది. సన్నసూది చోటు ఖాళీగా ఉంది. అప్పుడు పిన్నిగారు గుర్తొచ్చారు. ఆమె మెట్ల దగ్గర కూరగాయల బండివాడితో బేరమాడుతున్నారు.

“పిన్నిగారూ, మా సూది మీ దగ్గరే ఉండిపోయినట్లుంది.”

ఆమె చేతిలోని బెండకాయ అలాగే పట్టుకొని నా వైపు తిరిగారు. “అదేంటి బాబూ, శనివారమే తెచ్చిచ్చేశానుగా. మీరు స్నానానికి వెళ్ళారు. మీ ఆవిడ పొయ్యి దగ్గరుంది. దీపం పెట్టేశారు కదా, ఆ వేళప్పుడు చేతికివ్వకూడదని అక్కడే గుచ్చేసి వెళ్ళాను.”

“ఎక్కడ?”

“ఆ బల్ల మీద... మీ ఏనుగు పొట్టకి.”

దీపం పెట్టాక సూది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారకూడదని ఆమె ఇళ్ళలో అంటారు, మా ఇళ్ళలోనూ అంటారు. ఆ వేళ దాని పేరు కూడా ఎత్తరు. కూర దగ్గర, పండుగ దగ్గర, మాట దగ్గర మాకూ వాళ్ళకూ నూరు తేడాలు. ఈ ఒక్కదాంట్లో తేడా లేదు. ఎదుటి మనిషి తనంతట తాను తీసుకునేలా దేనికైనా గుచ్చి వెళ్ళడమే మర్యాద. బల్ల మీద దూది కూరిన బొమ్మ ఉంది. ఆమె సూదిని అక్కడ గుచ్చారు. “అక్కడ పెట్టానమ్మాయ్,” అని వంటింట్లోకి కేక వేశారు. పొయ్యి మీద పోపు చిటపటలాడుతుండగా నా భార్య సరేనంది. ఇద్దరూ ఆ వేళ దాని పేరు ఎత్తలేదు. నేను స్నానం చేసి వచ్చి, ఏనుగును ఒళ్ళో బోర్లించి, పొట్టను తొడకు అదిమిపెట్టి, ఎడమ చెవి కుట్టాను. దారం లేని సూది. అదిమిన కొద్దీ లోపలికి పోయి ఉంటుంది. దూది కనబడకూడదని నేను బిగువుగా అల్లిన కుట్లు దాని వెనక మూసుకున్నాయి.

పిన్నిగారికి నా ముఖం చూసి అర్థమైంది. బెండకాయ బండిలో పడేశారు. “తీయలేదా బాబూ? చూడలేదా?” అని రెండుసార్లు అడిగారు. నేను లోపలికి వచ్చాను.

కూతురికి ఫోన్ చేశాను. ఆమె బ్యాంకులో కౌంటరు మీద కూర్చుంటుంది. ఫోన్ సొరుగులో ఉంటుంది. మోగి ఆగిపోయింది. అల్లుడు పెద్ద అంబర్‌పేట్ దగ్గర గోదాములో పని చూస్తాడు, అతనూ ఎత్తలేదు. పగలంతా పాప నాయనమ్మ దగ్గరే. వియ్యపురాలి నంబరు నొక్కబోతుంటే నా భార్య వచ్చి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. మెట్ల దగ్గరి మాటలన్నీ ఆమె వింది.

“సూది అనకు. గామె ఫోన్ స్పీకర్ల పెట్టి మాట్లాడుతది. పక్కింటోళ్ళు పొద్దుగాల్ల గామె కాడనే కూసుంటరు. బొమ్మల సూది అంటే ఏమనుకుంటరు? పిల్ల సంసారం గంగల కలుస్తది.”

ఆమె చెప్పకముందే అది నా మనసులో ఉంది. బొమ్మ, బొమ్మ లోపల సూది. ఈ రెండు మాటలు పక్కపక్కన పెడితే మా వైపు ఎవరూ దాన్ని మరచిపోయిన సూదిగా వినరు. బాణామతి, చేతబడి అంటారు. నా చిన్నతనంలో మా వీధిలో ఒక గడప ముందు గుడ్డబొమ్మ దొరికిందని రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. ఆ బొమ్మ ఏ పిల్ల ఆడుకుంటూ పారేసిందో ఎవరూ అడగలేదు. మా ఇళ్ళలో అలాంటివి నమ్మరని పైకి అంటాం. పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి నమ్ముతాం.

“మరి ఏం చెప్పాలె?”

“రంగు పోతుందని చెప్పు. నోట్ల పెట్టుకోనియ్యకు, పక్కకు వెట్టు, నేనొచ్చి తీస్కపోత అని చెప్పు. పిల్ల చేతిలకెల్లి పోతే చాలు గదా ముందుగాల.”

ఆ లెక్క సరిగ్గానే ఉన్నట్లు అనిపించింది. ఫోన్ చేశాను. వియ్యపురాలు మూడో మోతకు ఎత్తింది. వెనక ఎవరివో మాటలు, పాప కేరింత.

“అక్కా, ఆ ఏనుగు రంగు పోయేటట్లుంది. పాప నోట్ల పెట్టుకోకుండ జర తీసి పైన వెట్టు. నేనొస్తున్న.”

“అయ్యో, రంగు పోతదా? మరి రాత్రంత కొరుక్కుంటనే పడుకున్నది గదా అన్నా! సరే, తీస్త. నువ్వు పరేషాన్ గాకు.”

రాత్రంతా. అయినా బొమ్మ పాప చేతిలోంచి పోయింది కదా అనుకొని, దుకాణానికి ఆలస్యమవుతుందని కబురు పెట్టి, ఆటో ఎక్కాను.

ఎల్బీ నగర్ చౌరస్తా కదలడం లేదు. బుధవారం వినాయక చవితి. లారీల మీద విగ్రహాలు, వాటి కింద నిలబడి తీగలు తగలకుండా కర్రలతో ఎత్తి పట్టుకున్న పిల్లలు. మా ఆటో పక్కనే ఒక విగ్రహం ఆగింది. ముఖానికి గుడ్డ కట్టారు, తొండం మాత్రం బయటికి ఉంది. నేను తల తిప్పుకున్నాను. అక్కడే దిగి, మెట్రో మెట్లు నడిచి ఎక్కాను. కదిలే మెట్ల మీద నిలబడే ఓపిక లేకపోయింది.

రైల్లో కూర్చున్నాక మళ్ళీ ఫోన్ చేశాను. ఎత్తలేదు. విక్టోరియా మెమోరియల్‌లో ఇంకోసారి. చైతన్యపురిలో ఇంకోసారి. ఫోన్ పిల్ల చేతిలో ఉందేమో, ఛార్జింగులో ఉందేమో. ఆ సూది పొడవు నా చిటికెన వేలిలో రెండు కణుపులు ఉంటుంది. పాప నోటి లోతు ఎంతో ఊహించకూడదని ప్రయత్నించాను. కుదరలేదు. ఎదుటి సీట్లో ఒకామె ఒళ్ళోని పిల్లవాడు నన్ను చూసి నవ్వాడు. వాడి నోట్లో వాళ్ళమ్మ దుపట్టా కొస ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి మెట్లు దిగుతుండగా ఫోన్ మోగినట్లయింది. వియ్యపురాలు వాట్సాప్‌లో ఒక ఫోటో, ఒక గొంతు సందేశం పంపింది. ఫోటోలో పాప చాప మీద కూర్చుని ఉంది. చేతుల్లో ఏనుగు తడిసి ముదురు రంగులో ఉంది. తొండం నోట్లో ఉంది. సందేశం విన్నాను.

“అన్నా, ఉప్పునీళ్ళల్ల నానబెట్టి మంచిగ పిండిన. చుక్క రంగు పోలే! నీళ్ళు అట్లనే తెల్లగున్నయి. ఇది ఏడుస్తుంటే మళ్ళ దీనికే ఇచ్చేసిన. మీ పోచంపల్లి రంగు మీద నీకే నమ్మకం లేదా ఏంది? నువ్వు ఉత్తగ భయపడుతున్నవ్.”

సందేశం చివర ఆమె నవ్వు ఉంది.

నేను రంగు పోతుందన్నాను. ఆమె రంగును పరీక్షించింది. రంగు గెలిచింది కనుక బొమ్మ తిరిగి పిల్ల నోట్లోకి వెళ్ళింది. నిజం చెప్పి ఉంటే ఆ బొమ్మను ఎవరూ ముట్టేవారు కాదు. మా నాన్న మాట నిజమైన ఆ నిమిషమంత భయం నా జీవితంలో ఎన్నడూ ఎరుగను.

నడిరోడ్డు మీద నిలబడి, “అక్కా, బొమ్మ తీసేయ్, అందుల సూది ఉంది, సూది ఉంది,” అని తిరుగు సందేశం పంపాను. ఒకే టిక్కు గీత పడింది. రెండో గీత రాలేదు. ఫోన్ చేస్తే వేరే కాల్‌లో ఉన్నారని వచ్చింది. పరిగెత్తాను. యాభై మూడేళ్ళ మనిషి ఇన్ షర్టుతో కోచింగ్ సెంటర్ల పిల్లల మధ్య నుంచి పరిగెత్తుతుంటే వాళ్ళు దారి ఇచ్చారు. ఎవడో, “అంకుల్, బస్సు పోయిందా?” అని అరిచాడు.

తలుపు తీసే ఉంది. వియ్యపురాలు గోడకు ఆనుకొని ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోంది. పాప చాప మీద ఉంది. నన్ను చూసి, నోట్లో తొండం అలాగే ఉంచుకొని, చేతులు చాచింది. నేను ఆ చేతులను పట్టుకోలేదు. ఎడమ చేత్తో దవడ పట్టుకొని, కుడి చేత్తో ఏనుగును మెల్లగా బయటికి లాగాను. లాగేది మెల్లగానే అయినా నా ముఖం ఎలా ఉందో తెలియదు. పాప ఒక్కసారి గుక్కపట్టి ఏడ్చింది.

“ఏమైంది అన్నా? ఏమైంది?” వియ్యపురాలు ఫోన్ పడేసి వచ్చింది.

“అక్కా, దీంట్ల సూది ఉంది.”

ఆమె పాపను ఎత్తుకొని రెండడుగులు వెనక్కి వేసింది. నా వైపు చూసింది. అంతకు ముందురోజు నవ్విన మనిషి చూపు కాదు అది. శనివారం సాయంత్రం ఏం జరిగిందో చెప్పాను. దీపం, పిన్నిగారు, చెవి, అన్నీ. చెబుతుంటే నా మాటలు నాకే కట్టుకథలా వినిపించాయి.

“శనివారమా? అమావాస్య నాడా?”

“అమావాస్య పొద్దున పదకొండున్నరకే పోయింది అక్కా.”

అన్నాక తెలిసింది, ఆ జవాబు ఎంత పనికిమాలినదో. పాప ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది.

“కత్తెర ఇయ్యి అక్కా. సూది ఇందుల్నే ఉందో లేదో చూడాలె ముందు.”

ఇందులో లేకపోతే ఎక్కడ ఉంటుందో ఇద్దరం అనలేదు.

ఆమె కత్తెర తెచ్చింది. చేతికివ్వకుండా నేల మీద పెట్టి జరిపింది. స్టీలు పళ్ళెం తెచ్చింది. నేను కత్తెర ఎత్తేసరికి, “జర ఆగు. చవితి రెండు రోజులుంది, ఏనుగు కడుపు కోస్తవా?” అంది.

“కొయ్యక తప్పదు.”

ఆమె గోడ గూట్లోని దేవుడి పటాల ముందు ఉన్న చిన్న తెరను లాగి మూసింది. అప్పుడు, “కొయ్యి,” అంది.

పొట్ట కోశాను. తడిసిన దూదిని చిటికెడు చిటికెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, పళ్ళెంలో వేశాను. పొట్టలో లేదు. నాలుగు కాళ్ళు కోశాను, లేదు. చెవులకు దూది లేదు, అయినా కోశాను. తల ఖాళీ చేశాను. నేను కుట్టిన కళ్ళు రెండూ చదునై నా వైపే చూస్తున్నాయి. తలలో కూడా లేదు. పళ్ళెంలో దూది కుప్ప అయింది, ఒక్క చప్పుడు కూడా రాలేదు. నా వేళ్ళు ఆగిపోయాయి.

“ఎట్ల పిండినవ్ అక్కా?”

“ఎట్లేంది, తోక కాడి నుంచి తొండం దాక పిండిన. నీళ్ళన్నీ తొండంలకెల్లి కారినయి.”

ఒళ్ళు, తల, తొండం ఒకే అల్లిక అని ముందే రాశాను. తొండం నా వేలంత లావు. చివరి నుంచి కోయడానికి భయపడి మొదట్లో కోశాను. రెండు వేళ్ళతో విప్పాను. సూది అక్కడ ఉంది. బెజ్జం వెనక్కి, మొన ముందుకు. మొన తొండం కొసకు గోరు వెడల్పు దూరంలో ఆగి ఉంది. ఉప్పునీళ్ళ వల్ల అప్పుడే దాని ఒంటి మీద సన్నగా తుప్పు రంగు మొదలైంది.

వియ్యపురాలు కూలబడింది. పాపను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, చూపుడు వేలితో నోరు తెరిచింది. కింది చిగురు మీద ఎర్రగా ఒక చుక్క కనబడింది. ఇద్దరం చూశాం. ఆమె నా ముఖం చూడలేదు, నేనూ చూడలేదు. చెప్పులు వేసుకొని బయలుదేరాం. సందు చివర పిల్లల డాక్టరు దగ్గర మా ముందు నలుగురున్నారు. “అమ్మా, మాకు తొందర,” అని వియ్యపురాలు అన్న తీరుకు ఆ నలుగురూ జరిగి కూర్చున్నారు. డాక్టరు లైటు వేసి చూసి, వేలితో రాసి చూసి, చిగురు దగ్గర ఆపింది.

“ఇంకో పన్ను వస్తోందండీ. గాయమేం లేదు. అందుకే అన్నీ కొరుకుతోంది.”

సూది సంగతి కూడా చెప్పాం. ఆమె నోరంతా మళ్ళీ చూసింది, గొంతు చూసింది, చేతివేళ్ళు ఒక్కొక్కటే చూసింది. ఏమీ లేదంది. అన్నం తినకపోయినా, జ్వరం వచ్చినా, నోట్లోంచి రక్తం కనబడినా వెంటనే రమ్మంది.

తిరిగి వస్తుంటే వియ్యపురాలు వాళ్ళ గేటు దగ్గర ఆగింది.

“అన్నా, బొమ్మల సూది వెట్టి ఇస్తె మా దిక్కు ఏమంటరో నీకెరుకే గదా.”

“ఎరుకే అక్కా.”

“ఆ మాట నేననను. నీ మనసు నాకెరుకే. ఆ పెద్దామె కూడ పాపం మర్యాదకే గుచ్చింది. నేనున్నా గట్లనే చేద్దును. కానీ రంగు పోతదన్నవ్ సూడు... మళ్ళ నేను నా చేతుల్తోని పిండి, నా చేతుల్తోని ఇచ్చిన. దీని నోట్ల దిగితే నేనేం గావాలె? నా కొడుక్కు ఏం చెప్పాలె?”

గేటు నేనే తీసి పట్టుకున్నాను.

ఇంట్లోకి వెళ్ళాక ఆమె గుప్పెడు ఉప్పు, ఎండు మిరపకాయలు తీసి పాపకు దిష్టి తీసింది. తర్వాత నాకూ తీసింది. సూదిని పళ్ళెంలో వదిలి, పళ్ళేన్ని నా వైపు జరిపి, “తీసుకో,” అంది. పట్టపగలే. అయినా చేతికివ్వలేదు.

మధ్యాహ్నం భోజన విరామంలో కూతురు తన అత్తగారికి ఫోన్ చేసింది. నా మిస్డ్ కాల్ చూసి గాబరాపడింది. వియ్యపురాలు ఫోన్ తీసి నా ముందు పెట్టి, “నీ బిడ్డకు నువ్వే చెప్పు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పు,” అని పాపను తీసుకొని లోపలికి వెళ్ళింది.

చెప్పాను. అవతల బ్యాంకులో టోకెన్ల పిలుపు వినిపిస్తూనే ఉంది. చివరికి అడిగింది.

“నాయినా, పొద్దుగాలనే తెలిసిందా నీకు?”

“తెలిసింది బిడ్డా.”

“తెలిసి రంగు అన్నవా?”

“అన్న.”

“సరే. నేనొస్త, పర్మిషన్ పెట్టి.” తర్వాత మెత్తగానే, “ఇంక పాపకు ఏదిచ్చినా ముందు నా చేతికియ్యి నాయినా,” అంది.

ఆ వారం రోజులూ, ఫోన్ మోగిన ప్రతిసారీ అన్నం తినలేదన్న మాటో, జ్వరమన్న మాటో వినవలసి వస్తుందని నా చెయ్యి ఆలస్యంగా కదిలేది. అలాంటి మాట రాలేదు. పిన్నిగారు మూడు రోజులు మా ఇంటి వైపు రాలేదు. నాలుగో రోజు నేనే వెళ్ళి పాప బాగుందని చెప్పాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకొని, “ఆ పూట పేరు ఎత్తకూడదని నోరు నొక్కుకున్నాను బాబూ,” అన్నారు. మా ఇంట్లోనూ అదే జరిగిందని, నేనైతే పట్టపగలు నోరు నొక్కుకున్నానని ఆమెతో అన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో అల్లిక పని ఉదయం పూట మాత్రమే జరుగుతుంది. సూదులకు ఎప్పుడూ ఎర్రదారం ఎక్కించి ఉంచుతాను, బారెడు పొడవు, మూడు ముళ్ళు. అరువిస్తే దారంతో సహా ఇస్తాను. వియ్యపురాలు మళ్ళీ ఏదైనా అల్లమని అడగలేదు. వద్దని కూడా అనలేదు. అడిగే రోజు వస్తే, ఆమె ఇంట్లో, ఆమె ఎదుట కూర్చుని అల్లుతాను.

సెప్టెంబరు చివరన వేసుకున్న లెక్క ఇది.

పోయినవి: ఒక ఏనుగు. రంగు పోతుందన్న మాటతో మా నాన్న మాట మీద నేను వేసిన మచ్చ ఒకటి. అది ఉప్పునీళ్ళలో పోలేదు. కూతురు నా చేతి మీద పెట్టుకున్న నమ్మకంలో కొంత, ఎంతో తెలియదు. నన్ను చూడగానే పాప చేతులు చాచడం. ఇప్పుడు నాయనమ్మ కొంగు పట్టుకొని చూస్తుంది.

ఉన్నవి: సూది, కొంచెం తుప్పుతో. ముక్కలైన నూలు, ముడులు వేసి చుట్టిన ఒక ఉండ. రంగు అలాగే ఉంది. దూది, ఎండబెట్టి సంచిలో కట్టినది. పాపకు కింది చిగురు మీద మొలిచిన కొత్త పన్ను. పాప.